సున్నంలో దాగిన నిప్పు: ఒక పాత లెక్క



పోయిన నెల సంఘం మీటింగులో మన పాత సత్రం గోడల మాట వచ్చింది. నేల నుంచి రెండడుగుల ఎత్తు దాకా పూత పొరలు పొరలుగా రాలుతోంది. "ఆ పాత సున్నమంతా గీకేసి సిమెంటు పూసేస్తే ఇంకో యాభై ఏళ్లు చూసుకోనక్కర్లేదు" అన్నారు కొందరు. మేము ఆ రోజు నోరు మెదపలేదు. సున్నం సంగతి ఐదు నిమిషాల్లో తేలేది కాదు. అందుకే ఇంత పొడుగు రాస్తున్నాం. ఓపిక పట్టి చదవండి.

మేము రైల్వేలో గుమాస్తాగా చేరిన కొత్తలో, 1980లలో, ఒక గూడ్స్ షెడ్‌లో పని. ఐప్పసి నెల, వాన వదలకుండా కురుస్తోంది. పొడి సున్నం బస్తాలతో వచ్చిన ఒక వ్యాగన్ కప్పు కారింది. తలుపు సందులోంచి ఆవిరి వస్తోంది. తలుపు తీస్తే గోనె బస్తాల అంచులు నల్లగా కమిలి పొగ చిమ్ముతున్నాయి. అగ్గిపుల్ల గీసినవాడు లేడు, ఇంజను నిప్పురవ్వ పడలేదు. మేము కంగారుగా బకెట్ నీళ్లు తెచ్చాం. కూలీల మేస్త్రి, పెద్దాయన, మా చెయ్యి పట్టుకుని ఆపేశారు.

"తణ్ణి ఊత్తాదె తంబి, ఉళ్ళె నెరుప్పు ఇరుక్కు" అన్నారు. నీళ్లు పొయ్యొద్దు, లోపల నిప్పుంది అని. మనుషుల్ని ముఖానికి తువ్వాళ్లు కట్టుకోమని, పొడిగా ఉన్న బస్తాల్ని ముందు వేరు చేయించారు. తడిసినవాటిని కొక్కేలతో లాగించి, బయట రేకుల కింద ఇసుక మీద విడివిడిగా పడేయించారు. అవి వాటంతట అవే ఉడికి, పగిలి, చల్లారిపోయాయి. తర్వాత టీ తాగుతూ చెప్పారు: "బట్టీలో తిన్న నిప్పు అది. నీళ్లు చూస్తే కక్కేస్తుంది."

మేము తమిళ మీడియంలో చదివినవాళ్లం. స్కూలు పుస్తకంలో ఇలాంటిదాన్ని 'వెప్ప ఉమిళ్ వినై' అని చదువుకున్నాం. ఉమిళ్ అంటే ఉమ్మడం. వేడిని ఉమ్మే చర్య. వేడిని లోపలికి తీసుకునేది 'వెప్పం కొళ్ వినై'. చాలా ఏళ్ల తర్వాత చిత్తూరు వైపు ఉన్న మా మేనకోడలి పిల్లల తెలుగు పుస్తకంలో ఇవే ఉష్ణమోచక చర్య, ఉష్ణగ్రాహక చర్య అని కనబడ్డాయి. పుస్తకం 'ఉమ్మడం' అంది, మేస్త్రి 'కక్కడం' అన్నారు. మాటకు మాట సరిపోయింది. అయినా అప్పట్లో మా చదువు గర్వం మాది. నిప్పు తినడమేమిటి, కక్కడమేమిటి, చదువుకోనివాళ్ల మాట అని లోపల నవ్వుకున్నాం. ఆ నవ్వు తప్పని తెలియడానికి రిటైరవ్వాల్సి వచ్చింది.

మేస్త్రి చెప్పిన మాటనే 1750ల దాకా యూరప్ పండితులు కూడా నమ్మారు. సున్నపురాయి చల్లగా, సాధువుగా ఉంటుంది. బట్టీలో కాలిస్తే నాలుకను, చర్మాన్ని తినేసేంత ఘాటు వస్తుంది. నీళ్లు పోస్తే మరుగుతుంది. కాబట్టి బట్టీలోని అగ్ని కణాలు రాతిలో చేరి కూర్చున్నాయి, ఆ ఘాటూ ఆ వేడీ వాటివే అని వాళ్ల వాదం. వినడానికి సబబుగానే ఉంది కదా?

దీన్ని త్రాసులో వేసి చూసినవాడు జోసెఫ్ బ్లాక్ అనే స్కాట్లండ్ వైద్యుడు. ఆ రోజుల్లో మూత్రాశయంలో రాళ్లకు సున్నపు నీళ్లు మందుగా ఇచ్చేవాళ్లు. మందు మరీ ఘాటు. అంతకంటే సాధువైనది దొరుకుతుందేమోనని వెతుకుతూ ఆయన ఈ పనిలో దిగాడు. 1754లో వైద్య పట్టా కోసం రాసిన దాన్ని పెంచి 1756లో వ్యాసంగా అచ్చువేశాడు. ఆయన చూసిందేమిటంటే, రాయి కాలితే బరువు పెరగడం లేదు, తగ్గుతోంది. లెక్క ఇది: స్వచ్ఛమైన సున్నపురాయి 100 గ్రాములు పూర్తిగా కాలిస్తే 56 గ్రాముల పొడి సున్నం మిగులుతుంది. 44 గ్రాములు గాలిలో కలుస్తుంది. అగ్ని వచ్చి చేరలేదు, రాతిలోంచి ఒక వాయువు బయటికి పోయింది. బ్లాక్ దానికి 'స్థిరమైన గాలి' అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఈ రోజు మనం కార్బన్ డయాక్సైడ్ అంటున్నది అదే. ఆ వాయువు మళ్లీ దొరికితే సున్నం దాన్ని పట్టుకుని ఘాటు పోగొట్టుకుని రాయిగా మారుతుందని కూడా చూపించాడు. స్కూల్లో సున్నపు తేట నీళ్లలోకి గొట్టంతో ఊదితే పాలలా తెల్లబడేది గుర్తుందా? అది ఈ సంగతే.

దాంతో అగ్ని కణాల కథ ముగిసిందని అందరూ అనుకుని ఉంటారు. కానీ ఒక ప్రశ్న మిగిలిపోయింది. అగ్ని లోపలికి పోకపోతే, నీళ్లు పోసినప్పుడు వచ్చే వేడి ఎక్కడిది?

ఈ ప్రశ్నకు దారి వేసినది కూడా బ్లాకే. 1760ల మొదట్లో గ్లాస్గోలో ఉన్నప్పుడు ఆయన మంచును పరీక్షించాడు. కరుగుతున్న మంచుకు ఎంత వేడి ఇచ్చినా, అది పూర్తిగా కరిగేదాకా థర్మామీటరు కదలదు. వేడి లోపలికి పోతూనే ఉంది, ఉష్ణోగ్రత మాత్రం పెరగడం లేదు. అంటే వేడి వేరు, ఉష్ణోగ్రత వేరు. మొదటిది ఎంత సరుకు అన్న లెక్క, రెండోది ఏ మట్టంలో ఉంది అన్న లెక్క. గ్లాసుడు మరిగే నీళ్ల ఉష్ణోగ్రత ఎక్కువ. గంగాళం గోరువెచ్చని నీళ్లలో మొత్తం వేడి ఎక్కువ. ఈ తేడా పట్టుకోకపోతే సున్నం సంగతి అర్థం కాదు. బట్టీలోనూ ఇదే జరుగుతుంది. సుమారు 900 డిగ్రీల దగ్గర రాయి విడిపోతుంటే, ఇచ్చిన వేడి రాతిని ఇంకా ఎర్రబరచడానికి కాక ఆ వాయువును విడగొట్టడానికే ఖర్చవుతుంది. అందుకే సున్నపు బట్టీకి అంత కట్టె కావాలి.

తర్వాత 1782–83 చలికాలంలో పారిస్‌లో లవోయిజర్, లాప్లాస్ ఇద్దరూ కలిసి ఒక పాత్ర చేయించారు. నడుమ వస్తువు, చుట్టూ మంచు, దాని బయట ఇంకో వరస మంచు. లోపల వచ్చిన వేడికి ఎంత మంచు కరిగి నీరైందో తూస్తే వేడి ఎంతో తెలుస్తుంది. బొగ్గు కాల్చారు, భాస్వరం కాల్చారు, ఒక గినీ పందిని కూడా లోపల కూర్చోబెట్టి దాని ఒంటి వేడిని కొలిచారు. ఒక మార్పు జరిగేటప్పుడు ఎంత వేడి బయటికి వస్తుందో, దాన్ని వెనక్కు తిప్పాలంటే అంతే వేడి లోపలికి ఇవ్వాలి అన్న సూత్రం వాళ్ల మాటే.

అంత గొప్పవాళ్లకూ పొరపాట్లు తప్పలేదు. 1789లో లవోయిజర్ వేసిన మూలకాల పట్టికలో వేడి కూడా ఒక మూలకమే, సున్నం కూడా ఒక మూలకమే! సున్నం మూలకం కాకపోవచ్చని ఆయనకే అనుమానం ఉండేది. అనుమానం నిజమైంది. 1808లో ఇంగ్లండులో డేవీ విద్యుత్తుతో సున్నంలోంచి కాల్షియం లోహాన్ని విడదీశాడు. అది చూడటానికి లవోయిజర్ లేడు. 1794లో విప్లవం రోజుల్లో ఆయన తల తీసేశారు. వేడి వస్తువు కాదు, శక్తి అన్నది స్థిరపడటానికి ఇంకో అర్ధశతాబ్దం పట్టింది.

మా గుమాస్తా బుద్ధికి అందరికంటే దగ్గరివాడు జెర్మెయిన్ హెస్. 1802లో జెనీవాలో పుట్టి, చిన్నప్పుడే రష్యా వెళ్లి, అక్కడే పెరిగి, అక్కడే 1850లో పోయాడు. మనలాగే పుట్టిన చోటొకటి, బతికిన చోటొకటి. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఆయన గంధకామ్లాన్ని అమ్మోనియాతో కలిపి వేడి కొలిచాడు. ఒకసారి ఆమ్లాన్ని నేరుగా కలిపాడు. ఇంకోసారి ముందు నీళ్లు కలిపి, అప్పుడొచ్చిన వేడి రాసుకుని, తర్వాత అమ్మోనియా కలిపాడు. మెట్లు ఎన్నైనా మొత్తం ఒకటే వచ్చింది. 1840లో దాన్ని నియమంగా ప్రకటించాడు. మొదలూ చివరా ఒకటే అయితే, దారి ఏదైనా వేడి లెక్క మారదు.

దీన్ని రైల్వే మాటలో చెప్తాం. స్టేషన్ బోర్డు మీద ఊరి పేరు కింద సముద్ర మట్టం నుంచి ఎంత ఎత్తో రాసి ఉంటుంది. చెన్నై దాదాపు సముద్ర మట్టంలోనే ఉంది. బెంగళూరు సుమారు 900 మీటర్ల పైన ఉంది. జోలార్‌పేట మీదుగా పోండి, రేణిగుంట వైపు తిరిగి చుట్టుదారిలో పోండి. కిలోమీటర్లు మారతాయి, ఛార్జీ మారుతుంది, టీ తాగే స్టేషన్లు మారతాయి. కానీ ఎక్కిన ఎత్తులోంచి దిగిన ఎత్తు తీసేస్తే మిగిలేది ఆ 900 మీటర్లే. తిరిగి చెన్నై వచ్చేస్తే లెక్క సున్నా. రసాయన చర్యల్లో వేడి కూడా అలాంటి ఎత్తే.

ఇప్పుడు ఈ లెక్కలో సున్నం వేసి చూద్దాం. సున్నానికి ఒక అందం ఉంది. అది బయల్దేరిన స్టేషన్‌కే తిరిగి వస్తుంది.

మొదటి మెట్టు బట్టీ. 100 గ్రాముల సున్నపురాయి విడిపోయి 56 గ్రాముల పొడి సున్నం కావడానికి 178 కిలోజౌళ్ల వేడి లోపలికి పోతుంది. ఇది ఖర్చు.

రెండో మెట్టు నీళ్లు. ఆ 56 గ్రాములు 18 గ్రాముల నీళ్లు తాగి తడి సున్నం అయ్యేటప్పుడు 65 కిలోజౌళ్లు బయటికి వస్తాయి. ఇది జమ.

మూడో మెట్టు గోడ. పూసిన సున్నం గాలిలోంచి బట్టీలో పోగొట్టుకున్న ఆ 44 గ్రాముల వాయువును మళ్లీ తీసుకుని, తాగిన నీళ్లను వదిలేసి, తిరిగి సున్నపురాయి అవుతుంది. అప్పుడు 113 కిలోజౌళ్లు బయటికి వస్తాయి. ఇదీ జమే.

65కు 113 కలపండి. 178. పైసా తేడా లేదు.

ముప్పై ఏళ్లు క్యాష్ బుక్ రాసినవాళ్లం, మొదటిసారి ఈ లెక్క కట్టి చూసినప్పుడు మాకు ఆ మేస్త్రి ముఖం గుర్తొచ్చింది. 'బట్టీలో తిన్న నిప్పు' అన్నారాయన. అగ్ని అనే వస్తువు లోపల లేదు, అది బ్లాక్ త్రాసు తేల్చింది. కానీ బట్టీలో ఇచ్చిన శక్తి పోలేదు. అది పొడి సున్నం ఖాతాలో నిలవ ఉంది. మేస్త్రి చూసింది దాని మొదటి వాయిదా. సగం తప్పు అని తేల్చడానికి ఒక బ్లాక్ కావాల్సి వస్తే, మిగతా సగం ఒప్పు అని తేల్చడానికి ఒక హెస్ కావాల్సి వచ్చింది. మేము నవ్వుకున్న మాట ఇది.

ఆ మొదటి వాయిదా చిన్నది కాదు. ఒక కిలో మంచి పొడి సున్నం నీళ్లు తాగి వదిలే వేడి, మన ఊరి గది వేడిలో ఉన్న దాదాపు 4 లీటర్ల నీళ్లను మరిగించడానికి సరిపోతుంది. నీళ్లు ఎక్కువుంటే ఆ వేడి అంతటా పంచుకుంటుంది. నీళ్లు తక్కువైతే పంచుకునేది లేక ఉష్ణోగ్రత ఎగబాకి గోనె కమిలిపోతుంది. వ్యాగన్‌లో జరిగింది అదే. మేము బకెట్‌తో పోయబోయిన కాసిని నీళ్లు ఆర్పేవి కావు, ఎగదోసేవి. మేస్త్రికి కిలోజౌళ్లు తెలియవు. ఏం చెయ్యాలో తెలుసు.

ఈ లెక్క ల్యాబుల్లో రాయకముందే మన తీరంలో గోడల మీద ఉంది. పళవేర్కాడు చెరువు, తెలుగువాళ్లు పులికాట్ అనేది, ఇటు తమిళనాడులోనూ అటు ఆంధ్రలోనూ ఉంది. దాని అడుగున దొరికే గుల్లల్ని కాల్చి సున్నం చేసేవాళ్లు. మనం గుల్ల సున్నం అంటాం, తమిళంలో కిళింజల్ సుణ్ణాంబు. రాయైనా గుల్లైనా లోపలి పదార్థం ఒకటే. ఆ గుల్లలు, కట్టెలు, ఉప్పు పడవల్లో బకింగ్‌హామ్ కాలువ వెంబడి మద్రాసు చేరేవి. 1806లో మద్రాసు నుంచి ఉత్తరంగా మొదలైన ఆ కాలువ క్రమంగా కృష్ణా, గోదావరి కాలువలతో కలిసింది. మద్రాసు నగరంలో కూవం, అడయారు నదుల్ని కలిపిన ముక్క 1877–78 కరువులో ఆకలితో వచ్చిన జనం తవ్వినది. మన ముందుతరాల్లో కొందరు ఇటు వచ్చింది ఆ కాలువ దారినే.

ఆ సున్నంతో చేసిన పూతకు 'మద్రాస్ చునం' అని పేరు. పాలరాయి అనుకునేంత నునుపు. తెల్లదొరలు చూసి ఆశ్చర్యపడి రాసుకున్నారు. నానబెట్టిన సున్నాన్ని రోజుల తరబడి మగ్గనిచ్చి, ఇసుకతో గానుగలో ఆడించి, బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపి, చివరి పూతకు కోడిగుడ్ల తెల్లసొన కూడా వాడి, నున్నటి రాతితో రుద్దేవాళ్లు. ధవళేశ్వరంలో కాటన్ 1847లో మొదలుపెట్టి 1852లో ముగించిన ఆనకట్ట కాలానికి మన దేశంలో సిమెంటు ఫ్యాక్టరీ లేదు. రాళ్లను పట్టి ఉంచింది సున్నమే. 1895లో ముగిసిన ముల్లై పెరియారు ఆనకట్ట కూడా సున్నం, సుర్కీ కలిపి కట్టినదే. ఇటుక పొడినే సుర్కీ అంటారు.

సిమెంటు తర్వాత వచ్చింది. 1824లో ఇంగ్లండులో ఆస్ప్‌డిన్ అనే తాపీమేస్త్రి దానికి పేటెంటు తీసుకున్నాడు. మన దేశంలో తొలి ప్రయత్నం 1904లో మద్రాసులోనే, అదీ సముద్రపు గుల్లలతోనే జరిగింది. అది నిలబడలేదు. 1914లో పోర్‌బందర్‌లో మొదలైనది నిలబడింది. సిమెంటును తక్కువ చెయ్యడం మా ఉద్దేశం కాదు. త్వరగా గట్టిపడుతుంది, నీళ్లలోనూ గట్టిపడుతుంది, బరువు మోస్తుంది. సిమెంటు గట్టిపడేటప్పుడు కూడా వేడి పుడుతుంది. 1930లలో అమెరికాలో హూవర్ డ్యామ్ కట్టినప్పుడు ఆ వేడికి కాంక్రీటు పగలకుండా లోపల గొట్టాలు పరిచి చల్లని నీళ్లు తిప్పారు. కానీ సిమెంటును సుమారు 1450 డిగ్రీల్లో కాల్చాలి, సున్నం బట్టీ కంటే చాలా ఎక్కువ.

ఇక మన సత్రం. ఆ గోడ మూడో మెట్టులో ఉంది. రెండో మెట్టు కొన్ని గంటల్లో అయిపోతుంది, దాని వేడి చెయ్యి కాలుస్తుంది. మూడో మెట్టు పై నుంచి లోపలికి నెమ్మదిగా నడుస్తుంది. మందమైన గోడలో ఏళ్లూ పూళ్లూ పడుతుంది. అందుకే 113 కిలోజౌళ్లు వదిలినా ఎవరి చేతికీ తెలియదు. అది గాలి తగిలితేనే జరుగుతుంది. ఆ సత్రంలో పెళ్లిళ్లకు వచ్చి పడుకున్నవాళ్ల ఊపిరిలోని వాయువు కూడా కాస్త ఆ గోడలో రాయై ఉంటుంది.

సున్నపు గోడ తడిని పీల్చుకుంటుంది, వదిలేస్తుంది. నేల తడి పైకి ఎక్కినా ఆవిరై బయటికి పోయే దారి ఉంటుంది. దాని మీద సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోతుంది. తడి ఇంకా పైకి పాకుతుంది, లోపలి సున్నం మెత్తబడుతుంది, ఉప్పు పేరుకుని పూత పెచ్చులుగా ఊడుతుంది. మన గోడ కింద రెండడుగులు రాలడానికి కారణం సున్నం కాదని మా అనుమానం. వీధి ఎత్తు పెరిగి, వాన నీళ్లు గోడ మొదట్లో నిలుస్తున్నాయి. ముందు ఆ నీళ్లకు కాలువ తీద్దాం. రాలినంత మేరే గీకి, సున్నంతోనే అతుకు వేయిద్దాం. సున్నం పని తెలిసిన పెద్ద మేస్త్రీలు తక్కువైపోయారు, రోజులూ ఎక్కువ పడతాయి, నిజమే. కానీ తెలిసినవాళ్లు ఉన్నప్పుడే మన పిల్లలు ఒకరిద్దరు పక్కన నిలబడి నేర్చుకుంటే ఆ పని ఇంకో తరం నిలుస్తుంది.

ఒక జాగ్రత్త. సున్నం నానబెట్టే రోజు పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. మా చిన్నప్పుడు మా వీధిలో ఒక చిట్టాళ్ళు పిల్లవాడికి ఉడికే సున్నం ఎగిరి కంట్లో పడి ఆ కన్ను పోయింది. వేడి ఒక దెబ్బ, ఘాటు ఇంకో దెబ్బ. ముందు తొట్టిలో నీళ్లు ధారాళంగా నింపి, సున్నం కొంచెం కొంచెంగా వెయ్యాలి. కళ్లకు అద్దాలు పెట్టుకోవాలి. కంట్లో పడితే ఆలస్యం లేకుండా చాలాసేపు మంచినీళ్లతో కడుగుతూ ఆసుపత్రికి తీసుకుపోవాలి.

వచ్చే మీటింగులో గీకేద్దామని చెయ్యెత్తే ముందు ఒకసారి సత్రానికి వెళ్లి, వాన తగలని నడవలోని పై గోడ మీద చెయ్యి పెట్టి చూడండి. నున్నగా, చల్లగా, రాయిలా ఉంటుంది. ఒకప్పుడు ఎక్కడో బట్టీలో ఎవరో కట్టెలు మోసి, పొగ మింగి పెట్టిన వేడి లెక్క అక్కడ నెమ్మదిగా తీరుతోంది. దాన్ని మధ్యలో చెరిపేయకుండా చూద్దాం.

మా తెలుగులో తప్పులుంటే దిద్దండి. మీ ఇళ్లలో సున్నం పనికి వాడిన పాత మాటలు, తెలుగైనా తమిళమైనా, తెలిస్తే రాయండి. అన్నీ ఒకచోట రాసిపెట్టుకుందాం.